స్ట్రోక్ తర్వాత ఇంటికే వచ్చి చేసిన స్లీప్ టెస్ట్: మాకు ఎలా జరిగింది, నేను ఎన్ని స్టార్లు ఇస్తాను

నేను హనుమకొండలో టైలరింగ్ చేస్తాను. మా ఆయనకు విత్తనాలు, పురుగుమందుల షాపు ఉంది. 2024 ఫిబ్రవరిలో, మేడారం జాతర పది రోజులుందనగా ఆయనకు పక్షవాతం వచ్చింది. అప్పటికి ఆయన వయసు 54. సమ్మక్క సారలమ్మ తల్లులకు మొక్కిన బంగారం (బెల్లం) కూడా తెచ్చి పెట్టుకున్నాం. తెల్లవారుజామున ఐదింటికి లేచి మంచినీళ్ల చెంబు అందుకోబోతే ఎడమ చేయి లేవలేదు. ఎడమవైపు పెదవి జారిపోయింది, మాట ముద్దగా వస్తోంది.

దవాఖానలో అడిగిన మొదటి మాట, ఎన్ని గంటలకు మొదలైందని. నిద్రలో వచ్చింది, మాకేం తెలుసు? రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ను స్ట్రోక్ మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలని, టైమ్ తెలియదు కాబట్టి ఇవ్వలేమని చెప్పారు. పదకొండు రోజులు అక్కడే ఉన్నాం. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూశారు, గుండెకు ఎకో తీశారు, మెడ రక్తనాళాలకు డాప్లర్ స్కాన్ చేశారు. నిద్ర గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. నేనే ధైర్యం చేసి రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్‌తో అన్నాను: "సార్, ఈయనకు గురక మధ్యలో ఊపిరి ఆగిపోతుంది." ఆయన ఫైల్ మీద నుంచి తల ఎత్తకుండానే "బరువు తగ్గితే గురక తగ్గుతుందమ్మా" అని పక్క మంచానికి వెళ్లిపోయారు. ఆ దవాఖాన పేరు రాయను. అక్కడ నర్సమ్మలు మమ్మల్ని చాలా బాగా చూసుకున్నారు. కానీ ఆ ఒక్క మాట దగ్గర ఆగి ఉంటే మాకు రెండు నెలలు కలిసొచ్చేవి.

ఈ రివ్యూ ఆ తర్వాత ఏప్రిల్‌లో ఇంటికొచ్చి స్లీప్ టెస్ట్, అంటే నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే పరీక్ష, చేసిన సర్వీసు గురించి. వాళ్ల పేరూ రాయడం లేదు, ఎందుకంటే మీ ఊళ్లో వచ్చేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లను ఏం అడగాలో, దేనికి ఒప్పుకోకూడదో తెలిస్తే మీకు ఎక్కువ ఉపయోగం.

ముందు నేను రాత్రుళ్లు చూసింది చెప్పాలి. పెళ్లై 28 ఏళ్లు. గురకకు నేను ఎప్పుడో అలవాటు పడ్డాను. కానీ గత ఆరేడేళ్లుగా గురక కాదు, గురక ఆగడం నన్ను నిద్ర లేపేది. గట్టిగా గురక వస్తూ వస్తూ ఒక్కసారిగా చప్పుడు ఉండదు. పొట్ట మాత్రం లోపలికీ బయటికీ కొట్టుకుంటూనే ఉంటుంది. ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగలదు. నేను చీకట్లో పడుకుని అంకెలు లెక్కపెట్టేదాన్ని. ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై దాటేది. అప్పుడు ఒళ్లంతా కుదిపినట్టై, గుటక మింగినట్టు పెద్ద శబ్దంతో ఊపిరి వచ్చేది. భుజం పట్టి పక్కకు తిప్పితే కాసేపు సర్దుకునేది. పొద్దున అడిగితే ఆయనకు ఏదీ గుర్తుండేది కాదు. లేవగానే తలనొప్పి, రాత్రి మూడు నాలుగు సార్లు బాత్రూమ్‌కి లేవడం, మూడు రకాల మాత్రలు వేసినా 160కి దిగని బీపీ. ఇవన్నీ ఒకే తీగకు కాసిన కాయలని మాకు చెప్పినవాళ్లు లేరు. 2022లో సంగీత దర్శకుడు బప్పీ లహిరి పోయినప్పుడు స్లీప్ అప్నియా (నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగే జబ్బు) అనే పేరు టీవీలో విన్నాం. మన ఇంట్లో ఉన్నది అదేనని తట్టలేదు.

చివరికి పట్టుకున్నది ఇంటికి వచ్చి కసరత్తులు చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి. చేయి పైకి ఎత్తించి పది లెక్కపెట్టేలోపు ఈయన కళ్లు మూతలు పడిపోయేవి. మూడు రోజులు చూసి, "ఆంటీ, అంకుల్ రాత్రి సరిగ్గా పడుకుంటున్నారా? కసరత్తు చేసినదంతా ఒంటికి పట్టాలంటే నిద్ర ఉండాలి. ఒకసారి స్లీప్ టెస్ట్ చేయించండి" అంది. ఆ పాపకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. నిద్రలో గొంతు కండరాలు వదులైపోతాయి, నాలుక వెనక్కి జారి గాలి దారి మూసుకుంటుంది. స్ట్రోక్ వచ్చాక ఆ కండరాలు ఇంకా బలహీనమవుతాయి, పైగా మనిషి వెల్లకిలా పడుకునే ఉంటాడు కాబట్టి ఇంకా ఎక్కువవుతుంది. స్ట్రోక్ వచ్చినవాళ్లకు పరీక్ష చేసి చూస్తే పదిమందిలో ఏడుగురి దాకా ఎంతో కొంత ఇది బయటపడుతోందట. అంటే స్ట్రోక్ వార్డులో ఎక్కువమందికి ఉన్న సమస్య. అంతమందికి ఉన్నదాన్ని అడగకుండా ఎలా వదిలేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అమెరికా స్ట్రోక్ సంఘం 2021 మార్గదర్శకాల్లో కూడా ఈ పరీక్ష చేయించే ఆలోచన చేయవచ్చు అని మాత్రమే ఉందని, తప్పనిసరి అని లేదని ఆయన చెప్పారు. అందుకే మనం అడిగితే తప్ప చాలాచోట్ల చేయరు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పారు. స్ట్రోక్ వచ్చినవాళ్లకు ల్యాబ్‌లో రాత్రంతా పడుకోబెట్టి, తలకు కూడా వైర్లు పెట్టి చేసే టెస్టే సరైనదని 2017లో అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ చెప్పిందట. ఇంట్లో చేసే చిన్న మెషిన్‌కు మనిషి నిజంగా నిద్రపోయాడా, మెలకువగా ఉన్నాడా అన్నది తెలియదు. అందువల్ల సమస్యను తక్కువగా చూపించే ప్రమాదం ఉంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, గుండె లయ తప్పినవాళ్లు ల్యాబ్‌కే వెళ్లాలి. మాకు దగ్గర్లో ఉన్న ల్యాబ్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. మంచం దిగాలంటే ఇద్దరు పట్టుకోవాల్సిన మనిషిని అక్కడికి ఎలా ఎక్కించాలి? ఈయనకు గుండె బాగానే ఉందని ఎకోలో వచ్చింది కాబట్టి, "ముందు ఇంట్లో చేయిద్దాం. ఛాతీకి బెల్టు ఉన్న మెషినే తెమ్మనండి. ఏమీ లేదని వస్తే మాత్రం నమ్మొద్దు, అప్పుడు ల్యాబ్‌కు వెళ్దాం" అన్నారు. ఈ వాక్యాన్ని మీరు కూడా గుర్తుపెట్టుకోండి.

సర్వీసుకు ఫోన్ చేశాం. టెస్టుకు 6,500 రూపాయలు చెప్పారు. ఫోన్‌లో ఒక అమ్మాయి ఎనిమిది ప్రశ్నల ఫారం చదివింది. దాని పేరు స్టాప్ బ్యాంగ్, కెనడాలోని టొరంటోలో తయారైన ఫారం. గురక, పగలు అలసట, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ, బరువు, వయసు 50 దాటిందా, మెడ కొలత, మగవాళ్లా. ఒక్కో అవునుకు ఒక మార్కు. ముందు ఆయన్నే అడిగింది. గురక వస్తుందా అంటే "ఏమో, నాకేం తెలుసు" అన్నారు. పగలు నిద్ర వస్తుందా అంటే లేదన్నారు. మెడ కొలత తెలియదన్నారు. మొత్తం 3 మార్కులు వచ్చాయి, మధ్యరకం. నేను ఫోన్ తీసుకుని, "అమ్మా, నన్ను అడుగు" అన్నాను. గురక ఉంది. ఊపిరి ఆగడం నా కళ్లతో చూశాను. మెడ పదహారున్నర అంగుళాలు. ఆయన చొక్కాలు కుట్టేది నేనే, కాలర్ కొలత నాకు నోటికి వచ్చు. వాళ్ల ఫారంలో 40 సెంటీమీటర్లు దాటితే మార్కు, ఇది దాదాపు 42. ఇక పగటి నిద్ర సంగతి.

షాపు బిల్లు బుక్కులు నా దగ్గరే ఉన్నాయి, అప్పులు వసూలు చేయాలి కదా అని తెచ్చుకున్నాను. నవంబర్, డిసెంబర్ నెలల బిల్లులు తిప్పుతుంటే ఒక సంగతి కనిపించింది. మధ్యాహ్నం రాసిన బిల్లుల్లో మొక్కజొన్న గింజల ప్యాకెట్లు 4 అని రాసి, ఆ నాలుగు తోక నుంచి పెన్ను గీత కిందికి జారుకుంటూ కాగితం అంచు దాకా పోయింది. కింద కార్బన్ కాపీలోనూ అదే నీలం గీత. ఒకటి కాదు, అలాంటివి తొమ్మిది బిల్లులు. రాస్తూ రాస్తూ నిద్రలోకి జారిపోయిన చేతి గీతలు అవి. ఆ బుక్కు ఒళ్లో పెట్టుకుని నేను చాలాసేపు ఏడ్చాను. ఈయన అబద్ధం చెప్పలేదు, ఆయనకు నిజంగానే తెలియదు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో చాలామంది తమకు పగటి నిద్ర లేదనే అంటారని, అందుకే వాళ్ల మాట మీద ఆధారపడే ఫారాలు తప్పుతాయని డాక్టర్ తర్వాత చెప్పారు. నా జవాబులతో కలిపితే 7 వచ్చాయి. 5 వచ్చినా, అంతకు మించినా ప్రమాదం ఎక్కువ అంటారు. మనిషి అదే, ఫారమూ అదే. పక్కన పడుకునే మనిషిని అడిగితే 3 కాస్తా 7 అయింది.

సర్వీసు వాళ్లు నన్ను కూడా ఓపికగా విని మార్కులు దిద్దారు. అందుకే ఆ అమ్మాయికి ఒక స్టార్ పూర్తిగా ఇస్తాను.

టెక్నీషియన్ రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో, మర్యాద గల పిల్లవాడు. మెషిన్ మన అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఛాతీకి ఒక సాగే బెల్టు, దాని మీద మెషిన్. ముక్కులో ఆక్సిజన్‌కు పెట్టేలాంటి సన్నని ట్యూబు. వేలికి ఒక క్లిప్పు. నొప్పి లేదు, కరెంటు అక్కర్లేదు. పేషెంట్ ఆడవాళ్లైతే నెయిల్ పాలిష్ తీసేయాలని చెప్పాడు. బెల్టు ఎందుకని అడిగితే అతను చెప్పిన జవాబు విని నాకు ఒళ్లు జలదరించింది: "అక్కా, ముక్కులో గాలి ఆగినప్పుడు ఛాతీ, పొట్ట కదులుతున్నాయంటే గొంతు దగ్గర అడ్డం పడ్డట్టు. అవి కూడా కదలకపోతే మెదడు నుంచే ఊపిరి తీసుకోమనే ఆర్డర్ రాలేదన్నట్టు. స్ట్రోక్ వాళ్లకు రెండోది కూడా ఉండొచ్చు, అందుకే బెల్టు తప్పకుండా కావాలి." ఆరేళ్లుగా నేను చీకట్లో చూస్తున్నది అదే కదా. పొట్ట కొట్టుకుంటోంది, గాలి లేదు.

మొదటి రాత్రి టెస్ట్ పాడైంది. క్లిప్పు ఎడమ చేతి వేలికి పెట్టాడు, కుడి చేతికి పెడితే నిద్రలో లాగేస్తారేమో అని. కానీ ఎడమ చేయి స్ట్రోక్ వచ్చినప్పటి నుంచి చల్లగా, కొంచెం వాచి ఉంటుంది. సగం రాత్రి రీడింగే రాలేదు. పైగా ఎడమ పెదవి నుంచి చొంగ కారి చెంప మీది టేపు తడిసి, ట్యూబు ముక్కులోంచి జారిపోయింది. స్ట్రోక్ పేషెంట్లకు చేస్తామని చెప్పుకునే సర్వీసు ఈ రెండు సంగతులూ ముందే చూసుకోవాలి. అందుకు ఒక స్టార్ కోస్తున్నాను. అయితే మర్నాడు సాయంత్రం డబ్బు అడగకుండా మళ్లీ వచ్చారు. ఈసారి క్లిప్పు కుడి చేతికి, దాని మీద నేను కుట్టిన కాటన్ తొడుగు. చెంపను తుడిచి ఆరబెట్టి, ట్యూబును చెవి దగ్గర కూడా టేపుతో అంటించాడు. ఆ రాత్రి నేను మేలుకునే ఉన్నాను, ప్రతి గంటకూ ట్యూబు చూసుకుంటూ.

రిపోర్టు రెండు రోజుల్లో అన్నారు, ఐదు రోజులు పట్టింది. ఆరు పేజీలు, అంతా ఇంగ్లీషు. దాంతోపాటే సీప్యాప్ మెషిన్లు, అంటే మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు దారి మూసుకోకుండా చూసేవి, అమ్మే మనిషి కూడా వచ్చాడు. "మేడమ్, ఈ రోజే బుక్ చేస్తే 5,000 తగ్గిస్తాం" అని సోఫాలో కూర్చుని లేవడు. మా అత్తమ్మ భయపడి డబ్బు తీయబోయింది. నేను డాక్టర్‌కు చూపించాకే అని పంపించేశాను. నాకు ఈ సర్వీసులో బాగా బాధ కలిగించింది ఇదే. జబ్బు మనిషి ఉన్న ఇంట్లో అందరూ భయంతో ఉంటారు. ఆ భయాన్ని బేరానికి వాడుకోవడం తప్పు. ఇంకో స్టార్ తీసేస్తున్నాను.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం ఎంత మంచిదైందో చూడండి. రిపోర్టు మీద ఏ డాక్టర్ సంతకమూ లేదు. కంప్యూటర్ తనంతట తానే వేసిన లెక్క అది, గంటకు 33 అని. ఆయన అసలు రికార్డింగు తెప్పించుకుని గీత గీతా మనిషి చేత చూపించారు. గంటకు 41 అని తేలింది. పది సెకన్లకు మించి ఊపిరి ఆగినవి, బాగా తగ్గిపోయినవి కలిపి గంటకు ఎన్నో ఆ అంకె చెబుతుంది. 5 నుంచి 15 తక్కువ, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. మా ఆయనకు ఆరు గంటల నలభై నిమిషాల్లో 273 సార్లు. అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగింది 58 సెకన్లు. ఆక్సిజన్ 71కి పడిపోయింది. కరోనా అప్పుడు 94 కన్నా తగ్గితే దవాఖానకు పరుగెత్తాం, గుర్తుందా? ఈయన ప్రతి రాత్రీ 71 దాకా పోయి వస్తున్నాడు, మేమంతా ఇంట్లోనే ఉన్నాం. వెల్లకిలా పడుకున్నప్పుడు గంటకు 56, పక్కకు తిరిగినప్పుడు 22. నేను భుజం పట్టి తిప్పిన రాత్రులు ఊరికే పోలేదని అప్పుడు తెలిసింది. దాదాపు అన్నీ గొంతు అడ్డం పడి ఆగినవే. కాబట్టి ల్యాబ్‌కు వెళ్లాల్సిన పని లేకుండానే సీప్యాప్ మెషిన్ రాశారు.

మెషిన్ వచ్చేలోపు రెండు వారాలు ఆయన బనియన్ వెనక, భుజాల మధ్యలో ఒక జేబు కుట్టి టెన్నిస్ బాల్ పెట్టాను, వెల్లకిలా తిరగకుండా. డాక్టర్‌ను, ఫిజియో అమ్మాయిని అడిగే చేశాను. బలహీనపడిన ఎడమ భుజం మీద బరువు పడకుండా కుడివైపు పడుకోబెట్టి, ఎడమ చేయి కింద దిండు పెట్టమన్నారు.

సీప్యాప్ కూడా వెంటనే కొనలేదు. రెండు వారాలు అద్దెకు తీసుకున్నాం, 3,000 రూపాయలు. తర్వాత 48,000 పెట్టి కొన్నాం, మాస్క్ వేరే 6,500. అడ్మిట్ కాలేదు కాబట్టి మా ఇన్సూరెన్స్ పైసా ఇవ్వలేదు. మొదటి వారం సగటున రెండు గంటలే పెట్టుకున్నారు. జారిన పెదవిలోంచి గాలి లీకై నోరు పిడచకట్టుకుపోయేది. గడ్డం కింద నుంచి కట్టే పట్టీ, మెషిన్ గాలికి తేమనిచ్చే నీళ్ల ట్యాంకు పెట్టాక సర్దుకుంది. ట్యాంకులో ఫిల్టర్ నీళ్లు వద్దు, డిస్టిల్డ్ వాటరే పోయాలి. మెషిన్ ఇన్వర్టర్ లైనుకు పెట్టించుకోండి. ఇప్పుడు రాత్రికి ఐదున్నర గంటలు పెట్టుకుంటున్నారు. కనీసం నాలుగు ఉండాలంటారు.

ఇంత ఖర్చు పెట్టాం కదా, మళ్లీ స్ట్రోక్ రాదు కదా సార్ అని అడిగాను. "అలా రాసివ్వలేనమ్మా" అన్నారు. 2016లో 2,700 మందికి పైగా మీద చేసిన పెద్ద పరీక్షలో సీప్యాప్ వాడినవాళ్లకు కొత్తగా స్ట్రోక్‌లు, గుండెపోట్లు తగ్గినట్టు తేలలేదట. వాళ్లు సగటున రాత్రికి మూడు గంటల చిల్లరే వాడారు కాబట్టి ఎక్కువ వాడితే ఎలా ఉంటుందన్న వాదన ఉందట. పగటి నిద్ర, మనసులో దిగులు మాత్రం తగ్గాయట. ఈ నిజం చెప్పినందుకే ఆయన మీద నాకు నమ్మకం పెరిగింది. మా ఇంట్లో కనిపించిన తేడా రాస్తాను: తలనొప్పి పోయింది, రాత్రి ఒకసారే లేస్తున్నారు, కసరత్తులో కళ్లు మూయడం లేదు. బీపీ 138కి వచ్చింది. దాంట్లో మార్చిన మాత్రల వాటా ఎంత, మెషిన్ వాటా ఎంత అనేది నేను చెప్పలేను. ఎడమ చేత్తో ఇప్పుడు గ్లాసు పట్టుకుంటారు.

టెస్ట్ సర్వీసుకు 5లో 3 స్టార్లు. మొదటి రాత్రికి ఒకటి, ఆ అమ్మే మనిషికి ఒకటి తీసేశాను. అయినా పిలవండి. ఫోన్‌లోనే మూడు అడగండి: బెల్టు ఉందా, రిపోర్టును మనిషి చూసి డాక్టర్ సంతకం పెడతారా, ఒక రాత్రి పాడైతే ఉచితంగా మళ్లీ చేస్తారా.

ఒక చేయి పని చేయనివాళ్లకు ఇంకో కష్టం ఉంది, మాస్క్ తీసుకోవడం. రాత్రి వాంతి వచ్చినా, ఊపిరాడనట్టు అనిపించినా తనంతట తాను తీసుకోగలగాలి. అందుకే మా డాక్టర్ నోరు కూడా మూసే పెద్ద మాస్క్ వద్దని ముక్కు మాస్క్ ఇచ్చారు. అయస్కాంతం క్లిప్పులున్న మాస్కులు ఒంటిచేత్తో సులువే. కానీ పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, తలలో మెటల్ క్లిప్పు పెట్టినవాళ్లు డాక్టర్‌ను అడగకుండా అవి వాడకూడదు. మేము మామూలు వెల్క్రో పట్టీకే ఒక లూప్ కుట్టాం. ముప్పావు అంగుళం వెడల్పు, 5 అంగుళాల పొడవున్న కాటన్ టేపును మధ్యకు మడిచి, రెండు కొసలూ కలిపి అర అంగుళం మేర కుడివైపు పట్టీ చివర, వెల్క్రో లేని వైపు కుట్టాలి. పట్టీని ఎక్కడా కత్తిరించవద్దు. బొటనవేలు దూర్చి ముందుకు లాగితే వెల్క్రో విడిపోతుంది, మాస్క్ చేతికి వస్తుంది. చెంప ఒరుసుకోకుండా 5 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పుతో మల్ మల్ గుడ్డ రెండు పొరలు వేసి గొట్టంలా కుట్టి పట్టీకి తొడిగాను, రోజూ ఉతకడానికి మూడు జతలు. మెషిన్ వాళ్ల ముందే పెట్టి చూపిస్తే గాలి లీక్ పెరగలేదని రీడింగ్ చూసి చెప్పారు. ఎడమ చేయి బాగుండి కుడి చేయి పడిపోయినవాళ్లైతే లూప్ ఎడమవైపు కుట్టుకోవాలి.